నీళ్ళ కింద ఎన్ని అడుగులు?

ఎర డబ్బా మీద 10–12 అడుగులు అని రాసుంది. అంటే నీళ్ళలో లాగితే అంత లోతున ఈదుతుందని. అరచేతిలో పట్టే చేపబొమ్మ. వెండిరంగు పొట్ట, దాని కింద మూడేసి ముళ్ళున్న గాలాలు రెండు, మూతి దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ పలక. దీన్ని క్రాంక్‌బెయిట్ అంటారు. అమెరికావాళ్ళు పడవ వెనక వంద అడుగుల దారం వదిలి, దీన్ని మెల్లగా లాక్కుంటూ పోయి, మోచేయంత చేపల్ని పైకి తీయడం యూట్యూబులో చూసి చూసి, హైదరాబాదులో ఒకటి కొన్నాను. సంక్రాంతి సెలవుల్లో సోమశిలకి పట్టుకెళ్ళాను.

సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపురం అవతల, కృష్ణ ఒడ్డున ఉంది. కృష్ణ అంటున్నాను గానీ అక్కడ కనిపించేది శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీరు. చేపల లైసెన్సున్న ఒక పెద్దాయన ఇంజన్ పడవ మాట్లాడుకున్నాను. ఆయన నా ఎరని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం చేప సారూ, నోట్ల గరిటె వెట్టుకున్నది?" అన్నాడు.

పావుగంట తిరిగామో లేదో రాడ్ ఒక్కసారి వంగింది. చేప పడిందని నేను లేచి నిలబడి గుంజాను. ఆయన ఇంజన్ ఆపేశాడు.

"గట్ల గుంజకు సారూ, తెగుతది. అది చేప గాదు. గోడ."

"గోడేంటి?"

"ఊరి గోడ. నీళ్ళు దిగినయ్ గద. దసరాకైతే దాని మీదికెళ్ళే పోతుండె."

నేను వినకుండా ఇంకోసారి గుంజాను. దారం తెగింది. ఏడొందల రూపాయల చేప ఎవరి ఇంటి గోడకో అతుక్కుని నీళ్ళ కింద ఉండిపోయింది.

తిరిగొస్తుంటే ఏ ఊరని అడిగాడు. వనపర్తి అని చెప్పి, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కూడా ఈ నీళ్ళలోనే పోయిందని అన్నాను. ఊరి పేరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అల్లుడివే గద" అన్నాడు. అప్పట్నుంచి నన్ను సారూ అనలేదు. నేనూ మామా అనే పిలుస్తున్నాను.

డబ్బా మీది లెక్క తప్పు కాదు. ఎర పదడుగుల లోతునే పోతోంది. మామ లెక్కా తప్పు కాదు. మరి ఎవరి లెక్క ఎక్కణ్ణుంచి మొదలవుతోంది? ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే, ఒక ఆటబొమ్మలాంటి ఎర నన్ను మా జిల్లాల చరిత్రలోకి లాక్కుపోయింది.

*

ముందు ఆ చేపబొమ్మ ఎలా మునుగుతుందో చెప్పాలి. క్రాంక్‌బెయిట్‌లు చాలామటుకు తేలే ఎరలు. నీళ్ళలో వదిలేస్తే బెండులా పైనే ఉంటాయి. లాగినప్పుడు మాత్రం మూతి దగ్గరి పలకకి ఎదురునీరు కొట్టుకుని, తల కిందికి వంగి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుకుంటూ దిగుతాయి. పలక చిన్నదిగా, నిటారుగా ఉంటే పైపైనే ఈదుతుంది. పొడుగ్గా, ముందుకు చాచినట్టుంటే లోతుకు పోతుంది.

పలక ఒక్కటే చాలదు, దారం కూడా లెక్కే. ఎక్కువ దారం వదిలితే ఎక్కువ లోతుకి దిగుతుంది గానీ ఒక హద్దు దాకానే. వంద అడుగుల దారానికి పన్నెండు అడుగులు దిగే ఎర, రెండొందల అడుగులకి ఇరవై నాలుగు దిగదు. పొడుగు పెరిగేకొద్దీ దారాన్నే నీరు పట్టుకుని పైకి లాగుతుంటుంది కాబట్టి, పదిహేడో పద్దెనిమిదో అడుగుల దగ్గర ఆగిపోతుంది. దారం సన్నగా ఉంటే నీటి పట్టు తక్కువ, ఇంకొంచెం దిగుతుంది. లావైతే దిగదు. పడవ వేగం గురించి మనం అనుకునేది వేరు, జరిగేది వేరు. మామూలు వేగాల్లో, వేగం పెంచినంత మాత్రాన పలక ఎర లోతు పెద్దగా మారదు. సీసం గుండు కట్టిన ఎర సంగతి దీనికి పూర్తిగా ఎదురు. వేగం పెంచితే పైకి లేస్తుంది, తగ్గిస్తే మునుగుతుంది. అందుకే ఈ ఆట తెలిసినవాళ్ళు ఎంత దారం వదిలారో అడుగుల్లో చూపించే రీళ్ళు వాడతారు. ఏ ఎరకి ఎంత దారం వదిలితే ఎంత లోతో చెప్పే పట్టికలు పెట్టుకుంటారు.

చేపబొమ్మతో చేపని మోసం చేయడం పాత విద్యే. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా అనే బీద జాలరి 1936లో బెండుచెక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ల మీది తగరపు కాగితం చుట్టి, ఫోటో నెగటివ్‌లు కరగబెట్టి పైన పూత పూశాడు. దెబ్బతిన్న చిన్న చేప ఎలా తడబడుతూ ఈదుతుందో అచ్చం అలాగే ఈదేది ఆ బొమ్మ. ఇప్పుడు ఆ పేరు ప్రపంచమంతటా ఎరల డబ్బాల మీద కనిపిస్తుంది.

నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకున్నవాడు బక్ పెర్రీ. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం హికరీ అతనిది. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాడు. 1940ల్లో స్పూన్‌ప్లగ్ అని రేకు ఎర ఒకటి తయారుచేశాడు. ఒకటంటే ఒకటి కాదు, రకరకాల సైజుల్లో ఒక వరస. ఒక్కో సైజు ఒక్కో లోతున పోతుంది. ముందు చిన్నది కట్టి లాగాలి. నేల తగలకపోతే ఇంకో సైజు, ఆపైన ఇంకోటి. ఎర నేలకి తగిలి టకటకమని కొట్టుకోవడం రాడ్‌లోంచి చేతికి తెలియాలి. అలా లాగుతూ పోతే ఎక్కడ మిట్ట ఉంది, ఎక్కడ పల్లం ఉంది, డ్యాం కట్టకముందు వాగు ఏ దారిన పారేది, అన్నీ తెలుస్తాయి. చేపలు ఆ మిట్టల అంచుల వెంటే తిరుగుతాయి గనక, నేలని చదివినవాడికి చేప దొరుకుతుంది అన్నాడు పెర్రీ. అతని దృష్టిలో ఎర చేతికర్ర. కనపడని నేలని తడుముకుంటూ పోవడానికి.

అప్పటికి జపాన్‌లో ఫురునో అన్నదమ్ములు 1948లోనే నీళ్ళలోకి శబ్దం పంపి చేపల జాడ చెప్పే యంత్రం అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు అరచేతి సైజు ఫిష్ ఫైండర్ తెర మీద నీటి అడుగు రంగుల్లో కనిపిస్తుంది. అయినా తెర మీది మిట్ట, మిట్టగానే కనిపిస్తుంది. అది రాయో, గోడో, ఎవరి గోడో తెర చెప్పదు.

*

మరి పడవ వెనక ఎర లాగే ఈ పద్ధతి మన దగ్గర ఎందుకు పుట్టలేదు? నాకు తోచిన మొదటి జవాబు పుట్టి.

మా వైపు పడవంటే శతాబ్దాలుగా పుట్టే. వెదురుతో గంపలా అల్లి, పైన తోలు కప్పిన గుండ్రటి పడవ. తోలు పోయి ఇప్పుడు తారు పూసిన పట్టాలొచ్చాయి గానీ ఆకారం అదే. 1520 ప్రాంతంలో విజయనగరం చూడ్డానికొచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటడానికి ఇవే ఉన్నాయని రాశాడు. గంపల్లా గుండ్రంగా ఉంటాయి, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయి, తెడ్డు వేస్తుంటే గిర్రున తిరుగుతూనే పోతాయి, తిన్నగా పోలేవు అని. ఆ తుంగభద్రే కిందికొచ్చి ఆలంపురాన్ని ఒరుసుకుని కృష్ణలో కలుస్తుంది. గద్వాల దగ్గర నది మధ్యలో ఉన్న గుర్రంగడ్డ వాళ్ళకి పుట్టి బస్సులాంటిది.

ఎర ఒకే లోతున ఈదాలంటే పడవ తిన్నగా, ఒకే వేగంతో పోవాలి. గిరగిర తిరిగే పుట్టి వెనక దారం వదిలితే అది మన చుట్టే చుట్టుకుంటుంది. అయితే పుట్టికి ఇంకో గుణం ఉంది. రాళ్ళ మధ్య, సుడుల్లో, రెండు జానల నీళ్ళలో కూడా కదలకుండా నిలబడగలదు. అందుకే మావాళ్ళు లాగే పద్ధతి వదిలేసి, నిలిపే పద్ధతి నేర్చారు. సాయంత్రం వల కట్టి పొద్దున తీస్తారు. పైతాడుకి బెండ్లు, కిందితాడుకి గుండ్లు. బెండ్లు ఎక్కువైతే వల పైన వేలాడుతుంది, గుండ్లు ఎక్కువైతే నేలనంటుకుంటుంది. నడుమ నిలపాలంటే బెండుకీ వలకీ మధ్య తాడు పొడవు సరిచూసుకోవాలి. క్రాంక్‌బెయిట్‌కి పలక చేసే పనే ఇక్కడ బెండూ గుండూ కలిసి చేస్తాయి.

తాడుని కొలిచేది బారల్లో. రెండు చేతులూ చాపితే ఒక బార. చిన్న కొలతలకి మూర, జాన. నీటి లోతుకైతే మన భాషలో మనిషి ఒళ్ళే కొలబద్ద. మోకాటి లోతు, మొలలోతు, పీకలోతు, ఆపైన నిలువు లోతు, రెండు నిలువుల లోతు. ఇవన్నీ నేల మీద కాళ్ళు ఆనించి నిలబడినవాడి కొలతలు. పీకలోతు అంటే నేల నుంచి పీక దాకా. డబ్బా మీది పదడుగులు నీటి పైనుంచి కిందికి. మన మొలలోతు కింది నుంచి పైకి. మామకీ నాకూ లెక్క కుదరకపోవడం ఇక్కడ మొదలైంది.

పాత కృష్ణలో లోతంటే మడుగులు. బండల మధ్య నీరు తగ్గినా ఎండని గుంటలు. వాటిలో పెద్ద చేప మహసీర్. డెక్కన్ మహసీర్‌ని శాస్త్రలోకానికి 1839లో పరిచయం చేసినవాడు కర్నల్ సైక్స్. ఆయనకది దొరికింది పూణె దగ్గరి ములా ముఠా నదిలో. ఆ నీళ్ళు భీమలో కలిసి, భీమ మన పాలమూరు గడ్డ అంచున కృష్ణలో కలుస్తుంది. 1873లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్, ద రాడ్ ఇన్ ఇండియా అని పుస్తకం వేశాడు. మహసీర్‌ని రాడ్‌తో, తిరిగే లోహపు ఎరలతో ఎలా పట్టాలో దొరలకి నేర్పే పుస్తకం. మన దేశంలో అచ్చంగా ఎరల గురించి రాసిన మొదటి పుస్తకాల్లో ఇదొకటి. కానీ ఆ విద్య దొరల క్లబ్బుల దగ్గరే ఆగింది. మన ఒడ్డున పొట్టకూటికి చేపలు పట్టేవాడికి ఒక్కో చేపతో గంటసేపు ఆడుకునే తీరిక ఎక్కడిది!

చెరువుల కథ వేరు. వనపర్తి సంస్థానం చెరువులకి సముద్రాలని పేర్లు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి పక్కనున్నది రంగసముద్రం. పాతకాలం చెరువు ఎండాకాలంలో అడుగు చూపించేది. ఊరంతా దిగి కొర్రమీన్లు పట్టుకుని, పూడిక మట్టి తవ్వి బండ్ల మీద పొలాలకి తోలుకునేవాళ్ళు. అందుకే చెరువులో ఎక్కడ ఎంత లోతో పిల్లలకి కూడా తెలుసు. ఏటా చూసిన నేల అది. రిజర్వాయర్‌ వచ్చాకే, తెలిసిన నేల కనపడని నేల అయింది.

*

శ్రీశైలం డ్యాంకి నెహ్రూ 1963 జూలై 24న శంకుస్థాపన చేశాడు. 1981 నాటికి నీళ్ళు నిలపడానికి సిద్ధమైంది. అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి నూరుకి పైగా ఊళ్ళు మునిగే జాబితాలో ఉన్నాయి. మునిగేది మంచి నదీతీరపు నల్లరేగడి. 1981 ఎండాకాలం చివర్లో ఇళ్ళు కూలగొట్టించి మరీ జనాన్ని ఖాళీ చేయించారు.

గుళ్ళ విషయంలో కొంత శ్రద్ధ చూపారు. పురావస్తు శాఖ రాళ్ళకి నంబర్లు వేసి, విప్పి, ఎత్తైన చోట మళ్ళీ కట్టించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్ళు అలా ఆలంపురానికి వచ్చినవే. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురానికి వచ్చాడు. ఆలంపురంలో బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాల్ని కదపకుండా, నీరు రాకుండా చుట్టూ పెద్ద గోడ కట్టారు. ఇళ్ళ రాళ్ళకి మాత్రం ఎవరూ నంబర్లు వేయలేదు. మా అమ్మమ్మ బండి మీద తెచ్చుకున్నది ఒక జత తలుపులు. కొత్త ఇంటికి కొత్త గుమ్మం, పాత తలుపులు. కింద నాలుగువేళ్ళ సందు మిగిలింది. చలికాలం ఆ సందులో గోనెపట్టా దూర్చేది. ఎందుకు కొత్త తలుపులు చేయించవని అడిగితే, "ఇవి బాగనే ఉన్నయ్ గద" అనేది.

నిర్వాసితుల కుటుంబానికో ఉద్యోగం అన్న 98 నంబరు జీవో 1986లో వచ్చింది. దాని కోసం కొల్లాపురం వైపు ధర్నాలు చేసినవాళ్ళు, ఇప్పుడు తమకి వయసు దాటిపోయిందని పిల్లల కోసం అడుగుతున్నారు. భూమి పోయిన రైతుల్లో కొందరు వలస పోయారు. కొందరు తమ పొలం మీద నిలిచిన నీళ్ళలోకే వల పట్టుకుని దిగారు. మామ వాళ్ళలో ఒకడు. చేపలవాళ్ళ ఇంట్లో పుట్టలేదు. "నాగలి ఇడిసి తెడ్డు వట్టినం" అంటాడు.

ఇక్కడే నా ప్రశ్నకి జవాబు దొరికింది. మామకి చేపల విద్య ఆలస్యంగా వచ్చింది గానీ నేల విద్య ముందే ఉంది. ఏ మిట్ట మీద జొన్న వేసేవాళ్ళో, వాగు ఎక్కడ మలుపు తిరిగేదో, ఏ బావి ఎంత లోతో తెలుసు. బక్ పెర్రీ స్పూన్‌ప్లగ్‌లు మార్చి మార్చి తడిమి తెలుసుకున్నది మామకి చిన్నప్పుడు నడిచిన కాళ్ళు చెప్పేశాయి. వల ఎక్కడ నిలపాలో చెప్పమంటే ఆయన నీటిమట్టం చెప్పడు. "బొడ్రాయి మీద మూడు నిలువులు," అంటాడు. ఊరి నడుమ నాటే బొడ్రాయి. కొత్త ఊళ్ళో కొత్త బొడ్రాయి నాటుకున్నారు. పాతది అక్కడే ఉంది.

*

అధికారుల లెక్క మూడోది. అది సముద్రం నుంచి మొదలవుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. అంటే సముద్రమట్టానికి అంత ఎత్తున. మునిగిన ఒక మొండిగోడ నెత్తి 847 అడుగుల దగ్గర ఉందనుకుందాం. రిజర్వాయర్ నిండితే అది 38 అడుగుల లోతున ఉంటుంది. పదడుగుల ఎర హాయిగా పైనుంచి పోతుంది. నీరు 855కి దిగితే అదే గోడ ఎనిమిది అడుగుల కింద. పదడుగుల ఎర పోయి దానికే తగులుతుంది. నా ఏడొందల రూపాయలు పోయింది ఈ తీసివేతలోనే.

జూరాలలో ఈ బాధ తక్కువ. గద్వాల దగ్గరి ఆ ప్రాజెక్టు నిండు మట్టం 318.516 మీటర్లు. శ్రీశైలంతో పోలిస్తే చాలా చిన్నది, అన్ని పదుల అడుగులు ఎక్కి దిగేది కాదు. డ్యాం పక్కన వరసగా చేపలు వేయించి అమ్మే దుకాణాలు. ఆదివారం హైదరాబాదు కార్లన్నీ అక్కడే. డబ్బా మీది లెక్క నమ్ముకోవాలంటే జూరాల మేలు.

శ్రీశైలంలో ప్రతి అంకె వెనకా ఒక తగాదా ఉంది. 854 అడుగుల కింద నీరు తీయొచ్చా కూడదా, 841 దగ్గర పోతిరెడ్డిపాడు తూములు, 800 దగ్గర్నుంచే ఎత్తిపోస్తామన్న రాయలసీమ పథకం, ఇటు కొల్లాపురం దగ్గర పాలమూరు రంగారెడ్డి పంపులు. రెండు రాష్ట్రాల పేపర్లలో ఈ అంకెలు రోజూ చూస్తాం. రెండు వైపులా కరువు నేలలే, అడగడంలో తప్పు లేదు. అయితే ఈ అంకెలన్నీ నీటి పై అంచుకి సంబంధించినవే. 2009 అక్టోబరులో ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల వరదొచ్చి, నీరు 885 దాటి పదడుగులకి పైగా లేచి, కర్నూలూ ఆలంపురమూ మునిగినప్పుడు మాట్లాడిందీ పై అంచు గురించే.

కింది అంచు కూడా కదులుతోంది. కట్టినప్పుడు ఈ రిజర్వాయర్‌లో 308 టీఎంసీల నీరు పట్టేది. ఇప్పుడు 215 అంటున్నారు. మధ్యలో పోయినదంతా పూడిక. చెరువు మట్టిలాగా దీన్ని బండ్ల మీద తోలుకుపోయేవాళ్ళు లేరు. గోడలు ఏటికేడు కొంచెం కొంచెంగా పూడుకుపోతున్నాయి. ఇవాళ నా ఎరకి తగిలిన గోడ మా పిల్లల ఎరకి తగలకపోవచ్చు.

*

నీళ్ళలో చేపలకీ అంతస్తులున్నాయి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఏటా జూలై 10న మత్స్య రైతుల దినం అందుకే. ఆ విద్య వల్లే రిజర్వాయర్లలో లక్షల పిల్లల్ని వదలడం కుదిరింది. బొచ్చె పైన తింటుంది, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున. మూడూ ఒకదాని కూట్లో ఇంకోటి చేయి పెట్టవు. ఇవి క్రాంక్‌బెయిట్ వైపు చూడను కూడా చూడవు. చేపబొమ్మ మీదికి ఎగబడేది చేపల్ని తినే చేప, వాలుగ లాంటిది. కొర్రమీనూ అలాంటిదే గానీ, అది ఒడ్డున నాచులో ఉంటుంది కాబట్టి కుర్రాళ్ళు దానికి రబ్బరు కప్ప వేస్తారు.

ఏ అంతస్తులో చేప కావాలో చూసి వల నిలపడం మామ పద్ధతి. అలివి వలకి ఆ పట్టింపు లేదు. సన్నకన్ను వల, చాలా పొడవు, చుట్టుముట్టి ఒడ్డుకి లాగితే పైది, నడిమిది, అడుగుది, నిన్న వదిలిన వేలెడు పిల్లతో సహా అన్నీ వస్తాయి. దాని మీద నిషేధం ఉంది. పట్టుకుని తగలబెట్టామనే వార్తలూ వస్తుంటాయి. కోస్తా నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలేసుకున్న జాలర్లు ఈ వలలు వాడుతున్నారని ఇక్కడివాళ్ళ ఫిర్యాదు. గుడిసెల్లో ఉన్నవాడు కూడా ఏ వ్యాపారి దగ్గరో అడ్వాన్సు తీసుకుని, అక్కడ బతకలేక వచ్చినవాడే అయ్యుంటాడు. వాడికి ఇది ఉత్త నీళ్ళు, కింద ఏముందో చెప్పినవాడు లేడు. మామని అడిగితే కోపంగా ఏమీ అనలేదు. "ఆళ్ళ వల గుడ్క మా గోడలకే చిరుగుతది," అన్నాడు.

ఈ నీళ్ళు ఆటస్థలం కాదని కూడా మర్చిపోకూడదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి దాదాపు అరవై మంది చనిపోయారు. ఒకప్పుడు వేసవిలో నడిచి దాటిన నది అది.

*

మొన్న మార్చిలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి దారం మీద ప్రతి బారకీ ఎర్ర రంగు గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు నీటిమట్టం ఫోనులో చూసి మామకి చెప్పాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు, ఒడ్డున తడి గుర్తు చూసి తల ఊపాడు. పది బారలు వదలమన్నాడు. మిట్ట వస్తుంటే "చుట్టుకో" అనేవాడు, వాగు పల్లం రాగానే "ఇడువు" అనేవాడు. రీలు చుట్టడం, వదలడం నా పని. గంటలో ఒక వాలుగ పడింది. కిలోన్నర ఉంటుంది. పాత వాగు ఒడ్డు అంచునే పడింది, పెర్రీ చెప్పినట్టే.

మామకి అరవై ఏడేళ్ళు. ఊరు మునిగేనాటికి ఇరవై దాటినవాళ్ళు మాత్రమే ఇలా పడవ నడపగలరు. ఆయన కొడుకు హైదరాబాదులో క్యాబ్ నడుపుతాడు. ఆ అబ్బాయికి గచ్చిబౌలి సందులన్నీ తెలుసు, ఈ సందులు తెలియవు. మామతో పాటు ఇంకో పదేళ్ళు తిరిగి ఇదంతా కాగితం మీద గీసుకోవాలని ఉంది నాకు. ఎక్కడ వాగు, ఎక్కడ బావి, ఎవరి ఇల్లు. ఫిష్ ఫైండర్ తెర మీది మిట్టలకి పేర్లు రాయాలంటే ఇప్పుడే రాయాలి. మొదటి పేజీ ఆ రోజే మొదలెట్టాను. మామ చెప్తుంటే రాసుకున్నవి పదకొండు పేర్లు.

తిరిగొచ్చేటప్పుడు ఒకచోట ఎర మళ్ళీ దేనికో తగిలింది. ఈసారి గుంజలేదు. ఇలాంటప్పుడు దారం వదులు చేయాలని అప్పటికి నేర్చుకున్నాను. తేలే ఎర కాబట్టి లాగుడు ఆగితే తనంతట తానే వెనక్కి జరిగి పైకొస్తుంది. మామ అప్పటికే ఇంజన్ ఆపేశాడు. ఎర తగిలిందని కాదు, అక్కడ ఎప్పుడూ ఆపుతాడట.

"ఏముంది మామా ఇక్కడ?"

"మీ అమ్మమ్మోల్ల వాకిలి ఈడనే ఎక్కడ్నో ఉండాలె," అన్నాడు.

ఇద్దరం నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి పడవకి కొంచెం దూరంలో వెండిరంగు చేపబొమ్మ పైకి తేలింది. దారం చుట్టుకుంటూ బారలు లెక్కపెట్టాను. తొమ్మిది. పన్నెండో పేరు రాసుకున్నాను.